డిస్క్ తుడిచివేత, ఆపరేటింగ్ సిస్టమ్ పునఃస్థాపన: బహ్రెయిన్ నేపథ్యంలో ఒక పరిశీలన

కంప్యూటర్ డిస్క్‌లో ఉన్న సమాచారాన్ని మళ్లీ ఎవరూ చదవలేని విధంగా చెరిపివేయడం ఒక పని. ఖాళీ అయిన డిస్క్ మీద విండోస్ గాని, లినక్స్ గాని, మరొక ఆపరేటింగ్ సిస్టమ్ గాని కొత్తగా ఎక్కించడం ఇంకొక పని. ‘ఫార్మాట్ కొట్టి విండోస్ వేయించాం’ అన్నప్పుడు రెండూ కలిసిపోయి ఒకే పనిలా వినిపిస్తాయి. కానీ మొదటిది జరగకుండానే రెండోది నిక్షేపంగా జరిగిపోతుంది. తెర మీద కొత్త విండోస్ కనిపిస్తూ ఉంటుంది, డిస్క్‌లో మాత్రం పాత యజమాని పాస్‌పోర్టు స్కాన్ చెక్కుచెదరకుండా ఉంటుంది. కంప్యూటర్ అమ్మే ముందు, వైరస్ పట్టినప్పుడు, యంత్రం మరీ నెమ్మదించినప్పుడు, సంస్థలు పాత యంత్రాలను వదిలించుకునేటప్పుడు ఈ పనుల అవసరం పడుతుంది. అవసరం ఏదైనా, ఫలితం ఎంత నమ్మదగినదో చాలావరకు ముందే తేలిపోయి ఉంటుంది. యంత్రాన్ని వాడటం మొదలుపెట్టిన రోజున డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేశారా, బ్యాకప్‌కు వేరే చోటు చూశారా అన్నవే దాన్ని తేల్చేస్తాయి. ఈ మాటను రెండు వైపుల నుంచీ పరీక్షించి చూడటానికి బహ్రెయిన్ తగిన చోటు. అక్కడి జనాభాలో సగానికి పైగా ఏదో ఒకనాడు సామాను అమ్ముకుని స్వదేశానికి వెళ్లిపోవలసినవారు. అదే దేశంలో 2019 చివర్లో జాతీయ చమురు సంస్థ డిస్కులను బయటివారు తుడిచిపెట్టే ప్రయత్నం చేసినట్లు వార్తలొచ్చాయి.

2020 జనగణన ప్రకారం బహ్రెయిన్ జనాభా 15 లక్షలు దాటింది. అందులో స్వదేశీయులు 7 లక్షల 12 వేల మంది. మిగిలినవారు పని కోసం వచ్చినవారు, వారి కుటుంబాలవారు. వీరిలో భారతీయులది పెద్ద వాటా, తెలుగు కళా సమితి వంటి సంఘాల ద్వారా పండుగలు జరుపుకునే తెలుగు కుటుంబాలూ వీరిలోనే ఉన్నాయి. ఉద్యోగ కాంట్రాక్టు మీద నడిచే బతుకు గనుక కంప్యూటర్లు కూడా తొందరగా చేతులు మారతాయి. వెళ్లిపోయే కుటుంబం ల్యాప్‌టాప్ పాత సామాను కొనే దుకాణానికి చేరుతుంది, లేదా అదే భవనంలో కొత్తగా దిగినవారికి, లేదా ఊళ్లో బావమరిది పిల్లలకు. అందులో ఉండేవి సినిమాలూ పాటలూ మాత్రమే కావు. వీసా కాగితాలు, సర్టిఫికెట్ల అటెస్టేషన్ స్కాన్లు, జీతం ధ్రువపత్రాలు, ఊరికి డబ్బు పంపిన రసీదులు, బ్రౌజర్ గుర్తుపెట్టుకున్న పాస్‌వర్డులు, అన్నిటికీ మించి అక్కడ అడుగడుగునా అడిగే సీపీఆర్ గుర్తింపు కార్డు నకలు. తొమ్మిది అంకెల సీపీఆర్ సంఖ్యలో మొదటి నాలుగూ పుట్టిన సంవత్సరాన్నీ నెలనూ చెప్పేస్తాయి. ‘మా దగ్గర దాచుకోవలసిన రహస్యాలేం ఉన్నాయి’ అనేవారికి జవాబు ఈ జాబితాలోనే ఉంది. రహస్యాలు లేకపోవచ్చు, కానీ ఇంకొకరి పేరుతో దరఖాస్తు నింపడానికి ఇవన్నీ చాలు. పరాయి దేశంలో ఉండగా తన పేరు మీద జరిగిన మోసానికి సంజాయిషీ చెప్పుకోవడం ఎవరికైనా కష్టమే, దేశం వదిలి వెళ్లాక అయితే ఇంకా కష్టం.

డిలీట్ చేసిన ఫైలు ఎందుకు పోదో తెలియాలంటే డిస్క్ లెక్క తెలియాలి. ఫైలులోని సమాచారం ఒక చోట ఉంటుంది, అది ఎక్కడుందో చెప్పే పట్టిక మరొక చోట ఉంటుంది. డిలీట్ చేసినప్పుడు మారేది పట్టిక మాత్రమే. అడంగల్‌లో రైతు పేరు కొట్టేసినంత మాత్రాన చేలో పైరు మాయం కానట్టే, సమాచారం ఉన్నచోటే ఉండి, దాని మీద మరొకటి రాసేదాకా చదవడానికి దొరుకుతూనే ఉంటుంది. క్విక్ ఫార్మాట్ కూడా కొత్త పట్టిక వేసి ఊరుకుంటుంది. విస్టా కాలం నుంచి విండోస్‌లో పూర్తి ఫార్మాట్ చేస్తే డిస్క్ అంతటా సున్నాలు రాస్తుంది గాని, గంటల తరబడి పడుతుందని దాన్ని ఎంచుకునేవారు తక్కువ. ఇది ఊహ మీద చెప్పే భయం కాదు. ఎంఐటీలో చదువుతుండగా సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలాట్ అనే ఇద్దరు 2000 - 2002 మధ్య 158 వాడిన హార్డ్ డిస్కులు కొని పరిశీలించారు. పనిచేసే స్థితిలో ఉన్న 129 డిస్కుల్లో సరిగ్గా తుడిచినవి 12 మాత్రమే. మిగతావాటిలో 5,000కు పైగా క్రెడిట్ కార్డు నంబర్లు, వైద్య రికార్డులు, సొంత ఉత్తరాలు బయటపడ్డాయి. అమ్మినవారిలో చాలామంది ఫార్మాట్ చేసే అమ్మారు. వారు తుడవకపోవడానికి కారణం నిర్లక్ష్యం కన్నా తుడిచామన్న నమ్మకమే. 2003లో అచ్చయిన ఈ అధ్యయనాన్ని ఇప్పటికీ ఉదాహరిస్తున్నారంటే ఆ నమ్మకం ఇంకా పోలేదనే అర్థం.

దీనికి సరిగ్గా ఎదురు దిక్కున ఇంకొక భయం ఉంది: ఎన్నిసార్లు తుడిచినా ప్రయోగశాలలో వెనక్కి తీస్తారని. 1996లో పీటర్ గట్‌మన్ రాసిన పత్రం 35 సార్లు రకరకాల నమూనాలతో తిరగరాయమని సూచించింది. అప్పటి నుంచి ఆ అంకె ఒక మంత్రంలా స్థిరపడిపోయింది. ఆ నమూనాలు అప్పటి డిస్కుల రకరకాల ఎన్‌కోడింగ్ పద్ధతులన్నిటికీ కలిపి తయారుచేసినవనీ, ఏ ఒక్క డిస్క్‌కూ మొత్తం 35 అవసరం లేదనీ తర్వాత గట్‌మన్ తానే చెప్పాడు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఈ విషయం మీద వెలువరించిన 800-88 మార్గదర్శకాలు, ముఖ్యంగా 2014 నాటి సవరణ, ఇప్పటి అయస్కాంత డిస్కులకు ఒక్కసారి తిరగరాయడం మామూలుగా సరిపోతుందన్నాయి. లెక్క వేసి చూసినా సంగతి బోధపడుతుంది. సెకనుకు 120 మెగాబైట్ల వేగంతో ఒక టెరాబైట్ డిస్క్‌ను ఒకసారి నింపడానికి రెండుంబావు గంటలకు పైగా పడుతుంది, 35 సార్లంటే మూడు రోజులు దాటుతుంది. ప్రయాణానికి ముందు వారంలో అంత ఓపిక ఎవరికీ ఉండదు. అసాధ్యమైన ప్రమాణం పెడితే జనం కనీస ప్రమాణాన్ని కూడా వదిలేస్తారు. అందుకే ఎన్‌వైప్ వంటి ఉచిత సాధనంతో ఒక్కసారి నింపి, నిండిందో లేదో సరిచూసుకోవడాన్నే ఇక్కడ సమర్థిస్తున్నాం. పాడై పక్కన పెట్టిన కొన్ని సెక్టార్లకు ఈ రాత చేరదన్న మాట నిజమే. డిస్క్‌కే ఆదేశమిచ్చే సెక్యూర్ ఎరేజ్ పద్ధతి వాటిని కూడా చూసుకోవడానికే వచ్చింది.

ఫ్లాష్ చిప్పులతో పనిచేసే ఎస్ఎస్‌డీ వచ్చాక పరిస్థితి మారింది. ఫ్లాష్ కణాలు కొన్ని వేల రాతలకే అరిగిపోతాయి గనుక లోపలి కంట్రోలర్ రాతలను అన్ని కణాలకూ పంచుతుంది. ‘ఈ చోట సున్నా రాయి’ అని కంప్యూటర్ అడిగితే ఎస్ఎస్‌డీ ఇంకో చోట సున్నా రాసి, పాతదాన్ని తర్వాత చెరపడానికి పక్కన పెడుతుంది. పైగా కంప్యూటర్‌కు కనిపించని అదనపు స్థలం కొంత ఎప్పుడూ దాని చేతిలో ఉంటుంది. కాబట్టి పాత హార్డ్ డిస్క్‌కు నమ్మదగిన తిరగరాత ఇక్కడ హామీ ఇవ్వలేదు. 2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌డియాగో పరిశోధకులు ఎస్ఎస్‌డీలను విప్పి చిప్పులను నేరుగా చదివి చూశారు. తయారీదారులు ఇచ్చిన చెరిపివేత ఆదేశాన్ని కొన్ని డ్రైవులు సరిగ్గా అమలు చేయలేదు. ఒకటైతే పని పూర్తయిందని జవాబిచ్చి, డేటా మొత్తాన్నీ అలాగే ఉంచుకుంది. ఆ తర్వాత వచ్చిన డ్రైవులు చాలా మెరుగయ్యాయి. అయినా ఒక ఇబ్బంది మిగిలే ఉంది. మామూలు మనిషి చిప్పు విప్పి చూడలేడు, తయారీదారు మాట నమ్మడం తప్ప ఆఖరి రోజున అతనికి మరో దారి లేదు.

తొలి రోజున మాత్రం దారి ఉంది. డిస్క్ మొదటి నుంచీ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే ఏ మూల మిగిలిన కణంలోనైనా ఉండేది అర్థం లేని అంకెలే. తాళంచెవిని చెరిపేస్తే డిస్క్ మొత్తాన్నీ చెరిపినట్టే, అందుకు క్షణాలు చాలు. నిస్ట్ దీన్ని గుర్తింపు పొందిన పద్ధతుల్లో చేర్చింది. సాధనాలు కూడా కొత్తవి కావు. 2007లో విస్టాతో బిట్‌లాకర్ వచ్చింది, మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్ ఉంది, లినక్స్‌లో లుక్స్ ఉంది. 2024లో వచ్చిన విండోస్ 11 మార్పుతో, కొత్తగా ఎక్కించిన యంత్రాన్ని మైక్రోసాఫ్ట్ ఖాతాతో తెరిస్తే ఎన్‌క్రిప్షన్ దానంతట అదే మొదలవుతోంది. అయితే సగం వాడాక ఎన్‌క్రిప్షన్ పెట్టుకుంటే, అంతకు ముందు ఎన్‌క్రిప్ట్ కాకుండా రాసినవాటి నకళ్లు ఎస్ఎస్‌డీ చాటున ఉండిపోవచ్చు. తొలి రోజు మీద ఇంత పట్టు పట్టడానికి కారణం ఇదే. దీని మీద బలమైన అభ్యంతరం ఒకటుంది. తాళం పోగొట్టుకుంటే సొంత ఫోటోలే పరాయివవుతాయి, దొంగల వల్ల నష్టపోయేవారికన్నా మరచిపోయి నష్టపోయేవారే ఎక్కువ అని. అభ్యంతరంలో నిజం ఉంది. కానీ డిస్క్ హఠాత్తుగా చచ్చిపోయినా నష్టం అంతే, ఎన్‌క్రిప్షన్ లేనివారిని కూడా అది వదలదు. రెంటికీ మందు ఒకటే: వేరే చోట బ్యాకప్. 48 అంకెల రికవరీ కీని ఆ కంప్యూటర్‌లోనే దాచుకోకపోవడం దానికి తోడు.

ఇక ఆపరేటింగ్ సిస్టమ్‌ను మళ్లీ ఎక్కించే పని. ఒకప్పుడు దీనికి సీడీలు, డ్రైవర్ల డిస్కులు, లైసెన్సు అంకెల చీటీ వెతుక్కోవలసి వచ్చేది. ఇప్పుడు పెన్ డ్రైవ్ చాలు, 2012లో విండోస్ 8తో యంత్రాన్ని మొదటి స్థితికి తెచ్చే సదుపాయం విండోస్‌లోనే వచ్చాక అదీ అవసరం లేదు. ఈ సౌకర్యమే మోసపోవడానికి చోటిస్తుంది. ‘అన్నీ తొలగించు’ అని ఎంచుకున్నా, డ్రైవ్‌ను శుభ్రం చేయమని విడిగా అడిగితే తప్ప అది తిరగరాయదు. 2022 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ స్వయంగా ఒక లోపాన్ని ఒప్పుకుంది. అన్నీ తొలగించమన్నా కొన్ని యంత్రాల్లో వన్‌డ్రైవ్ ద్వారా దిగిన ఫైళ్లు పాత విండోస్ ఫోల్డర్‌లో మిగిలిపోయాయి. మన దుకాణాల అలవాటు ఇంకొకటుంది. సి డ్రైవ్ మాత్రమే ఫార్మాట్ చేసి, డి డ్రైవ్‌ను ముట్టుకోరు. వైరస్ పట్టిన యంత్రం విషయంలో యజమాని కోరేది అదే కావచ్చు గాని, అమ్మకానికి పెట్టిన యంత్రంలో ఫోటోలూ సర్టిఫికెట్లూ ఉండేది సరిగ్గా ఆ డి డ్రైవ్‌లోనే. టీ2 చిప్పు గాని, ఆపిల్ సొంత ప్రాసెసర్ గాని ఉన్న మ్యాక్‌లలో డిస్క్ ఎప్పుడూ ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటుంది. 2021 నాటి మాంటెరీ నుంచి అక్కడ చెరిపివేత తాళం చెరపడంతోనే పూర్తవుతుంది. అయితే ఆపిల్ ఖాతా నుంచి బయటికి రాకుండా అమ్మితే కొన్నవారికి యంత్రం తెరుచుకోదు.

తుడిచివేత యజమాని ఇష్టంతో జరిగినంతకాలం ఇదంతా ఇంటి సంగతి. ఇష్టం లేకుండా జరిగినప్పుడు అది ఆయుధం. 2019 డిసెంబర్ 29న డస్ట్‌మన్ అనే విధ్వంసక ప్రోగ్రామ్‌తో జరిగిన దాడి మీద సౌదీ జాతీయ సైబర్ భద్రతా సంస్థ ఒక సాంకేతిక నివేదిక వెలువరించింది. బాధిత సంస్థ పేరు అందులో లేదు. అది బహ్రెయిన్ పెట్రోలియం కంపెనీ, అంటే బాప్కో అని 2020 జనవరిలో జెడ్‌డీనెట్ వార్తా సైటు రాసింది. దాడి చేసినవారు వీపీఎన్ పరికరంలోని లొసుగు ద్వారా లోపలికి వచ్చారు, నిల్వ సర్వర్లలోని డేటాను ముందు చేత్తోనే చెరిపేశారు, ఆ తర్వాత యాంటీవైరస్‌ను నడిపే ఖాతాను చేజిక్కించుకుని దాని ద్వారానే ప్రోగ్రామ్‌ను కంప్యూటర్లకు పంపారు. డిస్క్‌ను నేరుగా తిరగరాయడానికి డస్ట్‌మన్ వాడుకున్నది ఎల్డోస్ సంస్థ తయారుచేసిన రాడిస్క్ అనే మామూలు వాణిజ్య డ్రైవర్‌ను. పాత ల్యాప్‌టాప్ అమ్మేవారు ఏ పని చేయాలని పైన చెప్పామో, సరిగ్గా ఆ పనే ఇక్కడ శత్రువు చేశాడు. అయినా సంస్థ పని ఆగలేదు, కంప్యూటర్లలో ఒక భాగమే దెబ్బతింది. దాడి సమయంలో నిద్రావస్థలో ఉన్న కొన్ని యంత్రాలు మర్నాడు ఉద్యోగులు తెరిచినప్పుడు డస్ట్‌మన్‌ను పట్టించాయి. నాకు ఇందులో ముఖ్యంగా కనిపించేది దాడి వరస. నిల్వ సర్వర్లే మొదటి లక్ష్యం. కంప్యూటర్లను తుడిస్తే మళ్లీ ఎక్కించుకుంటారని, ఎక్కించుకోవడానికి ఆధారం లేకుండా చేయాలని దాడి చేసినవారికి తెలుసు.

ఆ పాఠానికి పక్క దేశంలో ముందే ఒక ఉదాహరణ ఉంది. 2012 ఆగస్టు 15న షమూన్ అనే ప్రోగ్రామ్ సౌదీ ఆరామ్‌కోలో సుమారు 30,000 కంప్యూటర్లను దెబ్బతీసింది. అది వాడింది కూడా అదే రాడిస్క్ డ్రైవర్. చమురు ఉత్పత్తిని నడిపే వ్యవస్థలు వేరే నెట్‌వర్క్ మీద ఉండటం వల్ల ఉత్పత్తి ఆగలేదు. ఆగస్టు 26 నాటికి కంప్యూటర్లను శుభ్రం చేసి తిరిగి వాడుకలోకి తెచ్చామని సంస్థ ప్రకటించింది. బహ్రెయిన్ శుద్ధి కర్మాగారానికి ముడిచమురులో పెద్ద భాగం సౌదీ నుంచి పైపులైన్ ద్వారానే వస్తుంది గనుక ఇది దూరపు వార్త కాదు. 2017లో నాట్‌పెట్యా అనే మరో విధ్వంసక ప్రోగ్రామ్ దాడి తర్వాత నౌకా రవాణా సంస్థ మేర్స్క్ పది రోజుల్లో 4,000 సర్వర్లను, 45,000 కంప్యూటర్లను మళ్లీ నిలబెట్టవలసి వచ్చిందని ఆ సంస్థ ఛైర్మన్ దావోస్‌లో చెప్పారు. అక్కడ యంత్రాలను తిరిగి ఎక్కించే మనుషులకు లోటు లేదు. కావలసి వచ్చింది నెట్‌వర్క్‌లో ఎవరు ఎవరో చెప్పే డొమైన్ కంట్రోలర్ నకలు ఒక్కటి, అది కరెంటు పోయి ఆఫ్‌లైన్‌లో ఉండిపోయిన ఘనా కార్యాలయంలో దొరికింది. బహ్రెయిన్‌లో నిద్రపోయిన కంప్యూటర్లు, ఘనాలో పోయిన కరెంటు: రెండు చోట్లా ఆదుకున్నది అదృష్టం. నెట్‌వర్క్‌కు అందని బ్యాకప్‌ను ముందే ఉంచుకోవడమంటే ఆ అదృష్టాన్ని ఏర్పాటుగా మార్చుకోవడమే.

తుడిచి మళ్లీ ఎక్కిస్తే ఏ వైరస్ అయినా పోతుందా అంటే, దాదాపుగా. 2018లో ఈసెట్ సంస్థ బయటపెట్టిన లోజాక్స్ అనే ప్రోగ్రామ్ మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లోనే తిష్ఠ వేసి, డిస్క్ మార్చినా తిరిగి వచ్చేది. ఇలాంటివి ఎంపిక చేసిన లక్ష్యాల మీద వాడే ఖరీదైన ఆయుధాలు. వీటి పేరు చెప్పి ఇంటి కంప్యూటర్‌ను తుడవడం వృథా అనడం సరికాదు.

చట్టం వైపు చూస్తే, బహ్రెయిన్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, అంటే 2018 నాటి 30వ చట్టం, 2019 ఆగస్టు 1న అమల్లోకి వచ్చింది. అవసరం తీరాక మనుషులను గుర్తుపట్టేలా ఉన్న డేటాను అట్టిపెట్టుకోకూడదని, ఉంచుకున్నంతకాలం భద్రంగా ఉంచాలని అది సంస్థలను ఆదేశిస్తుంది. కొన్ని ఉల్లంఘనలకు ఏడాది వరకు జైలు, 1,000 నుంచి 20,000 దినార్ల జరిమానా ఉన్నాయి. ఇంత బరువు ఉన్నప్పుడు పాత డిస్కులన్నిటినీ తుక్కు చేయడమే క్షేమం కదా అని సంస్థల వాదన. పాడైపోయి తుడవడానికి లొంగని డిస్క్ విషయంలో అది సరైనదే, రహస్య ప్రభుత్వ సమాచారం విషయంలోనూ సరైనదే. మిగతా వాటిలో అది పనికొచ్చే యంత్రాన్ని చెత్త చేయడం, బడి పిల్లలకు చేరగల కంప్యూటర్‌ను సుత్తికి అప్పగించడం. పైగా తుక్కు చేయమని ఎవరికి అప్పగించారన్న ప్రశ్న అలాగే ఉంటుంది. అమెరికాలో మోర్గాన్ స్టాన్లీ పాత సర్వర్లను, డిస్కులను వదిలించే పనిని ఆ అనుభవం లేని ఒక సామాను తరలింపు సంస్థకు అప్పగించింది. ఖాతాదారుల వివరాలతో సహా కొన్ని యంత్రాలు ఆన్‌లైన్ వేలంలోకి చేరాయి. 2022లో అక్కడి మార్కెట్ నియంత్రణ సంస్థ 3.5 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. ఆ ఉత్తర్వులో ఈ వ్యాసానికి అన్నిటికన్నా దగ్గరి సంగతి ఒకటుంది. కొన్ని పరికరాలలో ఎన్‌క్రిప్షన్ సదుపాయం ఉండి కూడా సంస్థ ఏళ్ల తరబడి దాన్ని మొదలుపెట్టలేదు.

డేటా అంతా క్లౌడ్‌లోకి వెళ్లిపోతుంటే డిస్క్ గొడవ ఎందుకని మరొక వాదన. బహ్రెయిన్ ప్రభుత్వం 2017లోనే క్లౌడ్‌కు మొదటి ప్రాధాన్యమిచ్చే విధానం ప్రకటించింది. 2019 జులైలో అమెజాన్ మధ్యప్రాచ్యంలో తన తొలి డేటా కేంద్రాల సముదాయాన్ని అక్కడే ప్రారంభించింది. క్లౌడ్‌లోనూ ఉండేది డిస్కులే, వాటిని తుడిచేది ఇంకొకరు. వాడుకలోంచి తీసేసిన డిస్కులకు నిస్ట్ పద్ధతులే పాటిస్తామని అమెజాన్ చెబుతోంది. ఖాతాదారు దాన్ని వెళ్లి చూడలేడు గనుక, తన తాళంతో ఎన్‌క్రిప్ట్ చేసి పంపడమే అతని చేతిలో ఉన్న భద్రత. ఇంటి కంప్యూటర్‌లో సైతం క్లౌడ్‌తో సింక్ అయిన నకళ్లు డిస్క్‌లో ఉంటాయన్నది 2022 నాటి వన్‌డ్రైవ్ లోపమే చూపించింది.

ఈ పనులు ఇప్పుడు ఎక్కువ ఇళ్లకు చేరుతున్నాయి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పును అడుగుతుంది గనుక పాత యంత్రాలు చాలావాటిలో అది అధికారికంగా ఎక్కదు. వాటిని అమ్మేసేవారుంటారు, లినక్స్ వేసి పిల్లలకు ఇచ్చేవారుంటారు. అమ్మేవారు ముందు కావలసినవి వేరే డ్రైవ్‌లోకి తీసుకుని, తీసుకున్నవి తెరుచుకుంటున్నాయో లేదో చూసి, ఆ తర్వాతే తుడవాలి. హార్డ్ డిస్క్ అయితే ఒకసారి పూర్తిగా తిరగరాయాలి, ఎస్ఎస్‌డీ అయితే తయారీదారు ఇచ్చిన చెరిపివేత ఆదేశాన్ని వాడాలి. కొనేవారికీ పని ఉంది. దుకాణం వేసిచ్చిన విండోస్‌తో ఏమేమి కలిపారో తెలియదు కాబట్టి అసలు తయారీదారు సైటు నుంచి దింపుకున్న ప్రతితో తామే మళ్లీ ఎక్కించుకోవడం మేలు. లినక్స్ ఎక్కించేటప్పుడు డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేయాలా అని ఉబుంటు వంటి ప్రధాన పంపిణీలు అడుగుతాయి. అవునని చెప్పి, పాస్‌వర్డును కాగితం మీద రాసి, ఆ కాగితాన్ని ల్యాప్‌టాప్ సంచిలో కాకుండా వేరే చోట ఉంచాలి.